సిక్కోలు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి: విశాఖా, చెన్నైయా, కోల్‌కతాయా, ఓడా?

మా అప్ప పెళ్లయి పోర్ట్ బ్లెయిర్ వెళ్లి పందొమ్మిదేళ్లయింది. మాది సిక్కోలు (శ్రీకాకుళం) జిల్లా సోంపేట దగ్గర ఊరు, మా వైపు అక్కని అప్ప అంటాం. బావ వాళ్ల తాతగారు ఓడెక్కి వెళ్లి అక్కడి జంగ్లీఘాట్‌లో చేపల వేట చేసుకుంటూ స్థిరపడ్డారు. అప్పట్నుంచి ఆ కుటుంబం సగం ఇక్కడ, సగం అక్కడ. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు తమ భాష అని రాయించుకున్నవాళ్లు నూటికి 13 మంది. అందులో మన శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లినవాళ్లు చాలామంది.

అందుకే సంక్రాంతికి రెండు నెలల ముందు ఒకసారి, వేసవి సెలవుల ముందు ఇంకోసారి నాకు ఫోన్లు వస్తుంటాయి. "దూరం ఎంతరా? విమానంలో ఎన్ని గంటలు? ఎలగెళ్తే తొందరగా పోతాం?" ఆ దారిలో నేను ఓడలో రెండుసార్లు, విమానంలో ఏడెనిమిదిసార్లు తిరిగాను. అమ్మానాన్నల్ని, చుట్టాల్ని పంపించాను, తీసుకొచ్చాను. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తే మన వైపు వాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక చిన్న విషయం. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మార్చారు. టికెట్ మీద ఏ పేరు కనిపించినా కంగారు పడకండి, ఊరు అదే, విమానాశ్రయం అదే. ఇళ్లలో ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

దూరం లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది

గాలిలో నేరుగా కొలిస్తే విశాఖ విమానాశ్రయం నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,225 కిలోమీటర్లు. భువనేశ్వర్ నుంచి 1,210. కోల్‌కతా నుంచి 1,305. చెన్నై నుంచి 1,370. హైదరాబాద్ నుంచి 1,660.

ఈ అంకెల్ని ఒకసారి నిదానంగా చూడండి. అండమాన్ అనగానే అందరికీ చెన్నై గుర్తొస్తుంది, అదే దగ్గరనుకుంటారు. కానీ మన విశాఖ, భువనేశ్వర్‌లే దగ్గర. చెన్నై పోర్ట్ బ్లెయిర్‌కి ఇంచుమించు నేరుగా పడమరన ఉంది, అందుకే మ్యాప్‌లో ఒకే గీత మీద కనబడి దగ్గరనిపిస్తుంది. మన తీరమేమో ఈశాన్యంగా పోతూ పోతూ అండమాన్ వైపు జరుగుతుంది. ఇచ్ఛాపురం వచ్చేసరికి మనం చెన్నై కంటే నాలుగున్నర డిగ్రీలు తూర్పున ఉంటాం.

విమానంలో పట్టే సమయానికి నేను వాడే లెక్క ఒకటుంది. కిలోమీటర్లని 800తో భాగించి, దానికి అరగంట కలపండి. ఆ అరగంట విమానం రన్‌వే దాకా పోవడానికి, పైకి లేవడానికి, దిగడానికి, ఆగేచోటికి చేరడానికి. చెన్నై నుంచి 1,370 కిలోమీటర్లంటే గంటా నలభై మూడు నిమిషాలు, అరగంట కలిపితే రెండుంబావు గంటలకి కొంచెం అటూ ఇటూ. టికెట్ మీద కూడా దాదాపు అంతే ఉంటుంది. విశాఖ నుంచి నేరుగా అయితే రెండు గంటలు. కోల్‌కతా నుంచి రెండు గంటల పది నిమిషాలు. హైదరాబాద్ నుంచి రెండున్నర దాటుతుంది. గాలిని బట్టి పది నిమిషాలు అటూ ఇటూ అవుతాయి. వానాకాలంలో చాలా ఎత్తున గాలి తూర్పు నుంచి పడమరకి వీస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు కొంచెం ఎక్కువ, వచ్చేటప్పుడు కొంచెం తక్కువ పట్టొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. విశాఖకీ చెన్నైకీ మధ్య తేడా 145 కిలోమీటర్లు. విమానానికి అది పదకొండు నిమిషాలు. అంటే మీరు ఏ దారిన వెళ్లినా సముద్రం దాటే ముక్క అందరికీ దాదాపు ఒకటే, రెండు గంటలు చిల్లర. మనిషిని అలసగొట్టేది, డబ్బు ఖర్చు పెట్టించేది ఆ రెండు గంటలు కాదు. ఇంటి నుంచి మొదటి విమానాశ్రయానికి పోయే దారి, మధ్యలో విమానం మారేచోట కాచుకునే సమయం, ఆ సమయం సరిపోకపోతే పడే అవస్థ. ఎంచుకోవలసింది వీటిని చూసి. ఇంటి గుమ్మం నుంచి వాళ్ల గుమ్మం దాకా లెక్కేసుకోండి, ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి కాదు.

నేరుగా విమానం దొరికితే

ఎయిర్‌లైన్లు టైంటేబుల్‌ని ఏడాదికి రెండుసార్లు మారుస్తాయి. మార్చి చివరి ఆదివారం వేసవిది మొదలవుతుంది, అక్టోబరు చివరి ఆదివారం శీతాకాలంది. కొత్త సర్వీసులు పెట్టడం, పాతవి తీసెయ్యడం ఎక్కువగా అప్పుడే జరుగుతుంది. అందుకని కిందటేడు చుట్టాలు ఎలా వెళ్లారన్నది ఈ ఏడాదికి పనికి రాదు. మీ తేదీ వేసి విశాఖ నుంచి ఒకసారి, భువనేశ్వర్ నుంచి ఒకసారి వెతకండి. నేరు విమానం కనబడితే వెయ్యి రెండు వేలు ఎక్కువైనా తీసేసుకోండి. మిగతా దారులతో పోలిక అనవసరం. శ్రీకాకుళం టౌన్‌లో తెల్లారి ఐదింటికి కారెక్కితే ఏడున్నరకి విశాఖ ఎయిర్‌పోర్ట్‌లో ఉంటారు, మధ్యాహ్నం భోజనం అక్కడ చుట్టాలింట్లో చేస్తారు.

భోగాపురం గురించి చాలామంది అడుగుతున్నారు. 2023 మేలో శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం అది, విజయనగరం జిల్లాలో, హైవే పక్కనే. పోర్ట్ బ్లెయిర్‌కి గాలిలో దూరం చూస్తే విశాఖకీ దానికీ పది కిలోమీటర్లలోపే తేడా, అది లెక్కలోకి రాదు. కానీ మనకి లాభం నేల మీద. శ్రీకాకుళం నుంచి విశాఖ ఎయిర్‌పోర్ట్‌కి 115 కిలోమీటర్ల పైన, చివరి ముప్పై కిలోమీటర్లు నగరం ట్రాఫిక్‌లో. భోగాపురానికి అందులో సగం దూరం, నగరంలోకి అడుగే పెట్టక్కర్లేదు. విజయనగరం వాళ్లకైతే పాతిక కిలోమీటర్లు. అక్కణ్నుంచి మీ విమానం ఉంటే టెన్షన్ సగం తగ్గినట్టే. బుక్ చేసేటప్పుడు టికెట్ మీద ఏ విమానాశ్రయమో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. రెండింటికీ మధ్య కారులో గంటకి పైగా పడుతుంది.

చెన్నై దారి

మన వైపు వాళ్లు ఎక్కువమంది వెళ్లేది ఇలాగే. విశాఖ నుంచి చెన్నై గాలిలో 620 కిలోమీటర్లు, గంటంబావు. అక్కణ్నుంచి 1,370. మొత్తం 1,990 కిలోమీటర్లు. నేరు దూరం కంటే 765 కిలోమీటర్లు చుట్టు తిరుగుడు. అయినా చాలాసార్లు నేను చెన్నైకే ఓటు వేస్తాను, ఎందుకంటే అక్కణ్నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి రోజుకి విమానాలు ఎక్కువ. ఒకటి తప్పితే ఇంకొకటి ఉంటుంది.

ఒక షరతు ఉంది. రెండు విమానాలూ ఒకే టికెట్‌లో, ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా ఇంట్లో జరిగింది.

మూడేళ్ల కిందట మా చిన్నాన్న, పిన్ని వెళ్లారు. ఇద్దరికీ అరవై దాటాయి, చిన్నాన్నకి షుగర్. టికెట్లు తీసిన కుర్రాడు చవగ్గా వస్తోందని విశాఖ నుంచి చెన్నైకి ఒక కంపెనీలో, చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఇంకో కంపెనీలో విడివిడిగా తీశాడు. మధ్యలో రెండు గంటల పది నిమిషాలుంది, చాలనుకున్నారు. విశాఖలో విమానం యాభై నిమిషాలు లేటయింది. చెన్నైలో దిగాక, టికెట్లు వేరు కాబట్టి, సామాను తీసుకుని బయటికొచ్చి మళ్లీ కౌంటర్లో ఇవ్వాలి. పిన్ని గుర్తుండడానికి సూట్‌కేసు పిడికి ఎర్ర జాకెట్ గుడ్డ కట్టింది. బెల్ట్ మీద ఎన్నో పెట్టెలు వచ్చాయి గానీ ఆ ఎర్ర గుడ్డ కనబడడానికి ముప్పావు గంట పట్టింది. కౌంటర్ గంట ముందే మూసేస్తారు. వీళ్లు పరిగెత్తి వెళ్లేసరికి మూసి దాదాపు అరగంటయింది. మొదటి కంపెనీ వాళ్లు "మీ టికెట్ చెన్నై దాకే" అన్నారు. రెండో వాళ్లు "మీరు రాలేదు, మేం ఆపలేం" అన్నారు. ఆ రాత్రంతా ఇద్దరూ ఎయిర్‌పోర్ట్ కుర్చీల్లో కూర్చున్నారు. పిన్ని సంచిలో ఉన్న జంతికలు చిన్నాన్నకి గంటకొకటి తినిపించిందట, షుగర్ పడిపోకుండా. మర్నాటికి కొత్త టికెట్లు రెండింతల పైన పడ్డాయి. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది, నన్ను ఒక్క ఫోన్ చేసి అడిగుంటే సరిపోయేది.

ఒకే పీఎన్ఆర్ అయితే కథ వేరు. మొదటి విమానం లేటై రెండోది తప్పిపోతే తర్వాతి దాంట్లో పంపే బాధ్యత కంపెనీది. సామాను విశాఖలో ఇస్తే పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోవచ్చు, మధ్యలో మోయక్కర్లేదు. వెయ్యి పదిహేను వందలు ఎక్కువైనా ఇదే తీసుకోండి. తప్పనిసరై విడి టికెట్లు తీసుకుంటే మధ్యలో కనీసం ఐదు గంటలు ఉంచండి, లేదంటే ముందు రోజు సాయంత్రమే చెన్నై చేరి లాడ్జీలో పడుకోండి.

ఇంకో చిక్కు సమయానిది. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం నౌకాదళం వాడే ఎయిర్‌ఫీల్డ్ కూడా, ఐఎన్ఎస్ ఉత్క్రోశ్. మన విశాఖది కూడా అంతే, ఐఎన్ఎస్ డేగ. రెండు చివర్లా నేవీయే. పోర్ట్ బ్లెయిర్‌కి విమానాలు ఎక్కువ భాగం ఉదయం నుంచి మధ్యాహ్నం లోపే నడుస్తాయి. అందువల్ల విశాఖ నుంచి చెన్నైకి పొద్దుటి విమానం ఎక్కితేనే ఆ రోజే పోర్ట్ బ్లెయిర్ చేరతారు. మధ్యాహ్నం విమానం చవగ్గా ఉందని తీసుకుంటే చెన్నైలో రాత్రి గడపాలి. ఆ లాడ్జీ, ఆటో, భోజనం ఖర్చు కలిపితే చవక కాస్తా పోతుంది.

కోల్‌కతా, భువనేశ్వర్: పలాస అవతలి వాళ్లు తప్పక చూడాలి

కోల్‌కతా మీదుగా విమానంలో వెళ్తే 775, 1,305 కలిపి 2,080 కిలోమీటర్లు. చెన్నై దారితో పోలిస్తే దాదాపు సమానం. అక్కణ్నుంచి పోర్ట్ బ్లెయిర్ విమానాలు చాలావరకు తెల్లవారుజామున, పొద్దున్నే ఉంటాయి. విశాఖ నుంచి ముందు రోజు సాయంత్రం వెళ్లి, రాత్రి ఎయిర్‌పోర్ట్‌లోనో దగ్గర్లోనో ఉండి, ఉదయం బయల్దేరడం కుదురుతుంది. ఒక రాత్రి మాత్రం పోతుంది.

రైల్లో హౌరా వెళ్లి అక్కణ్నుంచి విమానం ఎక్కడం మన వాళ్ల పాత అలవాటు. ఆమదాలవలసలో రాత్రి ఎక్కితే మర్నాడు పొద్దునకో మధ్యాహ్నానికో హౌరా. స్టేషన్ నుంచి దమ్‌దమ్ ఎయిర్‌పోర్ట్‌కి ట్యాక్సీలో గంట. రైలు దిగిన రోజే విమానం ఉండేలా మాత్రం పెట్టుకోకండి. రైలు రెండు గంటలు లేటైతే అడిగే దిక్కుండదు. ఎర్ర గుడ్డ కథే మళ్లీ.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస వాళ్లకి నేను గట్టిగా చెప్పేది భువనేశ్వర్ గురించి. మన జిల్లా పొడుగుది. ఇచ్ఛాపురం నుంచి విశాఖకి రైల్లో 250 కిలోమీటర్లు, భువనేశ్వర్‌కి 190. అంటే ఆంధ్రాలో ఉన్నా మనకి ఒడిశా ఎయిర్‌పోర్టే దగ్గర. పైగా భువనేశ్వర్‌లో స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్ట్ నాలుగైదు కిలోమీటర్లే. ఆటోలో పావుగంట. విశాఖలో స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి పన్నెండు కిలోమీటర్లు, ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్ దాటుకుని.

2024 మార్చి నుంచి విశాఖ, భువనేశ్వర్ మధ్య వందేభారత్ నడుస్తోంది. విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాస, ఇచ్ఛాపురంలో ఆగుతుంది. మధ్యాహ్నం విశాఖలో బయల్దేరి రాత్రికి భువనేశ్వర్ చేరుతుంది. రాత్రి అక్కడ పడుకుని పొద్దున్నే విమానం ఎక్కొచ్చు. తిరుగు ప్రయాణంలో ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అదే రైలు తెల్లారి భువనేశ్వర్లో బయల్దేరుతుంది. ముందు రోజు పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చి భువనేశ్వర్‌లో ఆగినవాళ్లు మర్నాడు పొద్దున టిఫిన్ వేళకల్లా ఇచ్ఛాపురంలో దిగొచ్చు. నేరు విమానం లేకపోతే భువనేశ్వర్ నుంచి కోల్‌కతా మీదుగా ఒకే పీఎన్ఆర్ మీద చూడండి, ఆ మొదటి విమానం గంట ప్రయాణమే.

శ్రీకాకుళం టౌన్, నరసన్నపేట వాళ్లకి మాత్రం విశాఖే మేలు. విజయనగరం వాళ్లు భువనేశ్వర్ గురించి ఆలోచించనే అక్కర్లేదు.

హైదరాబాద్ దారి 2,170 కిలోమీటర్లు, అన్నింటికంటే చుట్టు. అక్కడ పని ఉంటేనో, ధర బాగా తక్కువైతేనో తప్ప వద్దు.

ఏ నెలలో ఏ దారి

టికెట్ ధర చూస్తాం గానీ ఆకాశం వైపు చూడం. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు. 2015 డిసెంబరు వరదలప్పుడు ఆ విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి మళ్లీ మూశారు. ఆ రెండు నెలలూ నేను కోల్‌కతా వైపు మొగ్గుతాను. డిసెంబరు ఆఖరు నుంచి జనవరి అంతా అటుది తిరగబడుతుంది. కోల్‌కతాలో తెల్లవారుజామున పొగమంచు, సరిగ్గా పోర్ట్ బ్లెయిర్ విమానాలు కదిలే వేళకి. అప్పుడు చెన్నై మంచిది. ఏప్రిల్, మే నెలల్లో కోల్‌కతాలో సాయంత్రం గాలివానలుంటాయి, పొద్దుటి విమానాలకి ఇబ్బంది తక్కువ.

పోర్ట్ బ్లెయిర్ వైపు చూస్తే మే నుంచి సెప్టెంబరు దాకా వాన. అక్కడ రన్‌వే ఒక చివర కొండ ఉంది, అందుకని విమానాలు సాధారణంగా ఒక వైపు నుంచే దిగుతాయి. మబ్బు కిందికి దిగి రన్‌వే కనబడకపోతే పక్కన దిగడానికి ఇంకో పౌర విమానాశ్రయం లేదు. వెనక్కి చెన్నైకో కోల్‌కతాకో రావలసిందే. దానికి సరిపడా ఇంధనం వేసుకునే బయల్దేరతారు కాబట్టి భయపడక్కర్లేదు. కానీ వానాకాలంలో వెళ్లేవాళ్లు, దిగిన రోజునే పెళ్లి ముహూర్తమో ఆఫీసులో చేరడమో పెట్టుకోవద్దు. ఒక రోజు చేతిలో ఉంచుకోండి.

ఓడ

విశాఖ హార్బర్ నుంచి పోర్ట్ బ్లెయిర్ హాడో రేవుకి ప్రయాణికుల ఓడ సుమారు 56 గంటలు. చెన్నై నుంచి 60, కోల్‌కతా నుంచి 66. ఓడ దారిలో కూడా మనమే దగ్గర. గంటకి ఇరవై రెండు కిలోమీటర్ల వేగం అన్నమాట, ఊళ్లో స్కూటర్ మీద నెమ్మదిగా పోయినట్టు. అయితే విశాఖ నుంచి నెలకి ఒకటి అన్నట్టుగా ఉంటుంది, తేదీలు జరుగుతుంటాయి, టికెట్లు ఓడ కదిలే కొద్ది రోజుల ముందే ఇస్తారు. సెలవు దొరకడం కష్టమైన ఉద్యోగస్తులకి కుదరదు. సెలవుతో పని లేనివాళ్లకి, సామాను ఎక్కువున్నవాళ్లకి, నలుగురైదుగురు కలిసి వెళ్లేవాళ్లకి బంక్ క్లాసు అన్నింటికంటే చవక. దీవుల్లో ఉండేవాళ్లకి ఐలాండర్ కార్డు ఉంటే ఇంకా తగ్గుతుంది.

నేను మొదటిసారి ఓడలో వెళ్లింది డిసెంబరులో. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక్కి జరిగి, చీకటి పడి, ఫోన్లో సిగ్నల్ పోయాక ఒక్కసారిగా జనం అందరూ మాటల్లో పడ్డారు. బంక్‌లో నా పక్కన బారువ నుంచి ఒక పెద్దాయన. "విమానమంటే ఎక్కడికొచ్చామో తెలీకుండా దించేస్తాది బాబూ, ఓడంటే దూరం ఒంటికి తెలుస్తాది" అన్నాడు. రెండో రోజు చుట్టూ ఎటు చూసినా నీళ్లే. మూడో రోజు పొద్దున్నే పచ్చని కొండలు కనబడగానే పిల్లలు కేకలు పెట్టారు. ఆ ప్రయాణం నాకు చాలా ఇష్టం. వీలున్నవాళ్లు జీవితంలో ఒకసారైనా వెళ్లాలని మనసారా కోరుకుంటాను.

రెండోసారి జూన్‌లో వెళ్లాను. ఒకటిన్నర రోజు తల ఎత్తలేదు. ఓడ వెళ్లాలనుకుంటే డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారం లోపు చూసుకోండి. వాంతుల మాత్ర డాక్టర్ని అడిగి, ఓడ కదలకముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. కడుపు ఖాళీగా ఉంచకూడదు, అటుకులు, అరటిపళ్లు, నిమ్మకాయ దగ్గరుంచుకోండి. బెర్త్ ఎంచుకునే వీలుంటే ఓడ మధ్యలోది తీసుకోండి, ముందు వెనకలు ఎక్కువ ఊగుతాయి. గుండె జబ్బున్నవాళ్లని, గర్భిణుల్ని, చంటిపిల్లల్ని ఓడలో పంపకండి. నడిసముద్రంలో ఏదైనా అయితే ఆసుపత్రి ఒకరోజు దూరం.

అక్టోబరు, నవంబరుల్లో ఓడ మాట ఎత్తొద్దు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 8న అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ దగ్గర దాటి, 12న విశాఖ మీద పడింది. మన ఓడ దారి దాదాపు అదే. విమానం రెండు గంటల్లో, ఓడ రెండున్నర రోజుల్లో దాటే సముద్రాన్ని ఆ తుఫాను నాలుగు రోజుల్లో దాటి వచ్చింది. ఆ నాలుగు రోజులూ మా అమ్మ నిద్రపోలేదు. ముందు కూతురున్న వైపు, తర్వాత మనమున్న వైపు.

సామాను సంగతి

విమానంలో మామూలు టికెట్‌కి ఎక్కువగా లోపల పెట్టే సామాను 15 కిలోలు, చేతిలోది 7 కిలోలు. మన వైపు నుంచి ఉత్త చేతులతో ఎవరు వెళ్తారు? పలాస జీడిపప్పు, ఆవకాయ, నెయ్యి, ఉద్దానం కొబ్బరి. ఇందులో మనవాళ్లు పట్టుబడేది కొబ్బరి దగ్గరే. కురిడీ, అంటే ఎండిన కొబ్బరి, చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు. దాంట్లో నూనె ఉంటుంది, దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. మా అమ్మ ఏడు కురిడీలు గోనె ముక్కలో చుట్టి, పైన చీర కప్పి సర్దింది. స్క్రీనింగ్‌లో పట్టేశారు. పెట్టె విప్పి, అందరి ముందూ ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టించారు. అటక మీద ఆర్నెల్లు ఎండబెట్టినవి. ఆవకాయ, నెయ్యి చేతి సంచిలో వద్దు, లోపలి పెట్టెలో, మూత మీద టేపు వేసి, రెండు కవర్లలో చుట్టి పెట్టండి. జీడిపప్పు ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

కురిడీలు, వంట పాత్రలు, బియ్యం బస్తా లాంటివి పంపాలంటే ఎవరైనా ఓడలో వెళ్లేవాళ్లతో పంపడమే దారి, అదీ బుకింగ్ దగ్గర అడిగి.

ఎవరికి ఏది

పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే ధర రెండో మాట. నేరు విమానం, అది లేకపోతే ఒకే పీఎన్ఆర్ మీద మూడు గంటల నుంచి నాలుగు గంటల గ్యాప్ ఉన్న చెన్నై దారి. బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి. నడవగలిగినా అడగండి, ఎందుకంటే దానితో పాటు ఒక మనిషి వస్తాడు, భాష రాని చోట సరైన గేటు దాకా తీసుకెళ్తాడు.

చావు కబురు లాంటిది వచ్చి పరుగెత్తాల్సి వస్తే, ఎటువైపు మొదటి సీటుంటే అటే. అప్పుడు విశాఖ ఒకటే చూడకుండా భువనేశ్వర్, కోల్‌కతా కూడా చూడండి. మా ఊళ్లో ఒకరికి విశాఖ నుంచి రెండు రోజుల దాకా సీటు లేకపోతే భువనేశ్వర్ నుంచి మర్నాడు పొద్దునకే దొరికింది. తండ్రి చూపు దక్కింది.

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఇంకా ముందుకి, హేవ్‌లాక్‌కో మాయాబందర్‌కో వెళ్లాలంటే మధ్యాహ్నం లోపు దిగేలా చూసుకోండి. అక్కడా మన గడియారమే గానీ సూర్యుడు మనకంటే అరగంట ముందు వస్తాడు, అంతే ముందు పోతాడు. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే సూర్యాస్తమయం. చివరి బోట్లు, బస్సులు దానికి తగ్గట్టే ఉంటాయి.

ఈ జనవరిలో మా అమ్మ అప్ప దగ్గరికి వెళ్తోంది. సోంపేట నుంచి భువనేశ్వరే దగ్గర, కానీ ఆ దారి కోల్‌కతా మీదుగా, జనవరి పొగమంచులో. అందుకని విశాఖ, చెన్నై దారి తీశాను, ఒకే పీఎన్ఆర్, మధ్యలో మూడు గంటల నలభై నిమిషాలు, వీల్‌చెయిర్‌తో. ముందు రోజు రాత్రి విశాఖలో మేనమామ ఇంట్లో పడుకుంటుంది. కురిడీలకి బదులు కొబ్బరి లౌజు చేసింది. డబ్బా తూకం వేశాను, రెండు కిలోల నాలుగు వందల గ్రాములు, జీడిపప్పుతో కలిపి పెట్టె మొత్తం పద్నాలుగు కిలోల లోపే ఉంది.